ఏడో నంబరు బస్సు తిరిగిన తోట

గుమ్మం మెట్టు మీద నుంచి
ఫిబ్రవరి 4

బంగారుతల్లీ,

కంకర వచ్చేసింది! లారీ నిండా కంకర, మన గుమ్మం ముందు! ఈ సంతోషం అందరికంటే ముందు నీకే చెప్పాలని చేతులైనా కడుక్కోకుండా కలం పట్టాను. కాగితం మీద బూడిదరంగు వేలిముద్రలు చూసి కంగారుపడకు, అవి నావే.

ఫోను పలకని చోట నీకు ఉద్యోగం ఇచ్చారు, సరే. డీజిలు ట్యాంకరాయన వారానికోసారి ఉత్తరాలు తెస్తాడన్నావు కాబట్టి ఈ తండ్రి ఇంకా నీతో మాట్లాడగలుగుతున్నాడు. ఆయనకి నా నమస్కారాలు చెప్పు. పెద్ద బండి నడిపే మనిషంటే నాకు ఎప్పుడూ గౌరవమే.

లారీవాడు కంకర దింపి, "ఎలా పరుస్తారు పెద్దాయనా?" అన్నాడు. నేను నవ్వాను. ముప్పై ఆరేళ్ళు బస్సు నడిపి కంకర రోడ్లన్నీ నడుముతో కొలిచినవాణ్ణి, ఇంట్లో చూస్తే రోడ్లు వేసే ఇంజనీరు! "మా అమ్మాయి చెప్తుంది" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ఛాతీ ఎంత పెరిగిందో ఆ లారీ గేటు కూడా అంత తెరుచుకోదు. కాబట్టి చెప్పు తల్లీ, ఇంటి ముందు కంకర ఎలా పరవాలి? ఎంత మందం? ఏది కింద, ఏది పైన? నువ్వు ఎలా చెప్తే అలా, వెంట్రుకవాసి తేడా రానివ్వను.

అమ్మ మీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. మోకాలి నొప్పి. అంతే, ఇంకేం లేదు. ఇంకేదో ఉందని అనుకోకు.

ఈ పేజీ నిండింది, కాగితం వెనక్కి తిప్పు.

ఇదంతా తోట కోసం. మన గోడకీ వీధికీ మధ్య జాగా గుర్తుందిగా, నలభై అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. పడమటి ఎండ. ఎదురుగా గోదాము రేకుల గోడ. ఎండ ఒకసారి పైనుంచి కొడుతుంది, ఇంకోసారి ఆ రేకులకి తగిలి తిరుగు ప్రయాణంలో కొడుతుంది. పోనూ రానూ టిక్కెట్టు అన్నమాట. నర్సరీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నెత్తిమీద కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు కోసం సొరుగులన్నీ లాగే మనిషి, కానీ మొక్కల సంగతిలో గట్టిది. "రోజూ నీళ్ళు పోస్తారా?" అని అడిగింది. "నిజం చెప్పమంటారా?" అన్నాను. "చెప్పక్కర్లేదు, మొహం మీదే ఉంది. కంకర తోట వేసుకోండి" అంది. ఎండని ఓర్చుకునే మొక్కలు నాటి, మొదళ్ళ చుట్టూ కంకర కప్పాలిట. వేళ్ళు పట్టేదాకా తడి పెడితే చాలుట, ఆ తర్వాత మనం వాటి జోలికి పోకూడదుట. ఇలాంటి తోట నా కోసమే కనిపెట్టారు తల్లీ!

మే నెలాఖరులోగా ఆ వాకిట్లో ఒక్క పువ్వు పూయాలి. ఒక్కటంటే ఒక్కటే. అమ్మ షరతు అది. పూస్తే ఇంటికి వస్తుంది. పూయకపోతే అనే మాట నేను రాయను.

నీ నాన్న


రోడ్డు పనుల క్యాంపు
ఫిబ్రవరి 13

నాన్నా,

ట్యాంకరు వెళ్ళిపోతోంది, అందుకే గబగబా రాస్తున్నాను. ఇక్కడ రెండు షిఫ్టులు నడుస్తున్నాయి, తినడానికి కూడా టైము లేదు.

ముందు నేల జానెడు లోతు తవ్వి చదును చెయ్యి. కింద పెద్ద రాయి, నాలుగు వేళ్ళ మందం. దాని మీద రోలరు. తర్వాత మధ్యరకం కంకర, మళ్ళీ రోలరు. పైన రాతిపొడి చల్లి, నీళ్ళు కొట్టి, చీపురుతో సందుల్లోకి తోసి, మళ్ళీ రోలరు. మధ్యలో కొంచెం ఎత్తు, అంచుల వైపు వాలు ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. అయిందో లేదో తెలియాలంటే మడమతో గట్టిగా తన్ని చూడు. గుర్తు పడకపోతే అయినట్టు.

అమ్మకి ఏ మోకాలు?

నీ కూతురు


ఇంటి నుంచి
మార్చి 6

చిట్టితల్లీ,

మడమ గుర్తు పడలేదు! నాది పడలేదు, రోలరు తాతది పడలేదు, వీధిలో నిలబడి చూస్తున్న పదకొండు మందిదీ పడలేదు. ఒకావిడ అయితే ఎత్తు మడమల చెప్పులతో ఎగిరి దూకింది. చెప్పు మడమ ఊడింది గానీ నేల చెక్కుచెదరలేదు!

రోలరు ఎక్కడిదంటావా? పక్క వీధిలో మునిసిపాలిటీ వాళ్ళు పని చేస్తున్నారు. ఆ రోలరు నడిపేది నా పాత స్నేహితుడే. నాకంటే ఏడాది చిన్న, కానీ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అందరూ తాత అనే పిలుస్తారు. భోజనం వేళల్లో మెల్లగా ఇటు తోలుకొచ్చేవాడు. రోలరు కదా, ఎంత మెల్లగా వచ్చినా వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చేది. నువ్వు చెప్పినట్టు మూడు వరసలు, మూడు సార్లు. గోడవారన ఎండిపోయిన మొక్కల చెత్త, కాయలు, పుల్లలు ఉంటే ఎక్కడికి మోస్తానులే అని అవి కూడా రాతిపొడిలో కలిపి తొక్కించేశాను.

మర్నాడు నర్సరీ ఆవిడ రెండు బుట్టల మొక్కలతో వచ్చింది. గునపం వేసింది. గునపం వంగింది. ఆవిడ కళ్ళజోడు నెత్తి మీద నుంచి జారి ముక్కు మీద పడింది. అప్పుడు మొదటిసారి నేలని సరిగ్గా చూసి, అక్కడే కూర్చుండిపోయింది. "ఇదేం పని అండీ?" అంది. "మా అమ్మాయి పని" అన్నాను గర్వంగా. ఆవిడ బుట్టలు వెనక్కి తీసుకెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఎక్కడో చిన్న పొరపాటు జరిగిందేమోనని అనుమానం. కానీ ఇంకో శుభవార్త చెప్తాను విను. ఏడో నంబరు బస్సు! నా పాత బస్సే. ఇదివరకు వీధి చివరదాకా పోయి అక్కడ ఇరుకులో మెలికలు తిరిగి వచ్చేది. ఇప్పుడు మన ఇంటి ముందే ఒక్క తిప్పుతో తిరిగిపోతోంది! మీసాల డ్రైవరు తిప్పినప్పుడల్లా నాకు సలాం కొడతాడు. నిన్నటి నుంచి జనం మన గోడకి ఆనుకుని బస్సు కోసం నిలబడుతున్నారు. ఒకాయన నన్ను, "తర్వాతి బస్సు ఎన్నింటికండీ?" అని అడిగాడు. ఎంతకాలమైంది తల్లీ ఆ మాట విని! కళ్ళు చెమర్చాయి. చెప్పాను. సరిగ్గా ఆ టైముకే వచ్చింది.

ఎడమ మోకాలు.

నీ నాన్న


క్యాంపు నుంచి
మార్చి 15

నాన్నా,

ఎడమ మోకాలా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత నీ మొదటి ఉత్తరం వెతికి తీశాను. దానికి వెనక పేజీ ఉంది నాన్నా. నేను తిప్పలేదు. కంకర అన్న మాట కనబడగానే నా చేయి తనంతట తానే రోడ్డు రాసేసింది. ఎనిమిదేళ్ళుగా నన్ను ఎవరేం అడిగినా రోడ్డు గురించే అడుగుతారు. నువ్వు కూడా అంతే అనుకున్నాను. తోట అని రాశావు. ఒక్క పువ్వు అని రాశావు. నేను నీ చేత ఇంటి ముందు రోడ్డు వేయించాను. పైగా దాంట్లో చెత్త కలిపావని చదవగానే, "అయ్యో, బలం తగ్గుతుందే" అనుకున్నాను చూడు, నా బుద్ధి అలా తగలడింది.

ఇంక అసలు సంగతి. అమ్మ పెద్దమ్మ ఇంట్లో లేదు. పదిహేను రోజులుగా నా దగ్గరే ఉంది. మోకాళ్ళు రెండూ లక్షణంగా ఉన్నాయి, నిన్న తారు పీపా ఎక్కి నా గుడారానికి తీగ పాకించింది. ఖాళీ పీపాలన్నిటిలో మట్టి నింపి ఏవేవో నాటింది. మా ఫోర్‌మన్ అంతటివాడు పొద్దున్నే డబ్బా పట్టుకుని వాటికి నీళ్ళు పోస్తున్నాడు. పోయకపోతే ఈవిడ చూసే చూపు ఉంటుందే, నువ్వెరుగుదువు.

బస్సు సంగతంతా చెప్పింది. నువ్వు చెప్పలేదు.

నీ ఉత్తరాలు చదవనంటుంది. అని, నేను చదువుతుంటే నా వెనక నిలబడుతుంది. తను ఇక్కడుందని నేను నీకు చెప్పానని తెలిస్తే నా పని అయిపోయినట్టే. తెలియనట్టే రాయి.

తోటకి ఏం చేయాలో అమ్మనే ఏమీ ఎరగనట్టు అడిగి తెలుసుకున్నాను: నేల గుల్లగా ఉండాలి. పార దిగాలి. మొక్క నాటాక కంకర వదులుగా, రెండు అంగుళాలు, అంతే. రోలరు మాట ఎత్తకూడదు. కాబట్టి ముందు ఆ రోడ్డు తవ్వించెయ్యి.

నీ కూతురు


ఇంటి నుంచి
మార్చి 27

ప్రియమైన కుమార్తెకు,

ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే నేనే. పెద్దమ్మగారి ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్న మీ అమ్మగారి మోకాలు ఎడమదైనా కుడిదైనా త్వరలో నయం కావాలని కోరుకుంటున్నాను. మీ అమ్మగారు ఎంత గొప్ప మనిషో చెప్పడానికి నా చదువు చాలదు. ఆవిడ చేత్తో పెట్టిన టీ తాగి యాభై ఎనిమిది రోజులైంది. నేను పెట్టుకునే టీ తాగినవాళ్ళు రెండోసారి మన ఇంటికి రావడం లేదు.

బస్సు సంగతి నేను నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. ముప్పై ఆరేళ్ళలో ఒక్క ప్రమాదం చేయలేదని డిపోలో నాకు శాలువా కప్పారా? రిటైరైన నాలుగో నెలలో మీసాల డ్రైవరు బస్సు ఆపి, "గురువుగారూ, ఈ వీధిలో రివర్సు ఎలా తీసేవారు?" అన్నాడు. చూపిస్తానని సీట్లో కూర్చున్నాను. ఆ సీటు తల్లీ! కూర్చోగానే లోకం మర్చిపోయాను. అద్దంలో ఎదుటి గోదాము చూశాను, కరెంటు స్తంభం చూశాను, పిల్లిని కూడా చూశాను. మీ అమ్మ మొక్కలు చూడలేదు. ఆ మంటలాంటి నేల మీద ఆవిడ ఒక్కతే, బిందెలతో మోసి, నేను డ్యూటీల మీద తిరిగినన్నాళ్ళూ బతికించుకున్న బిళ్ళగన్నేరు మొక్కలు. వెనక చక్రాలు రెండూ వాటి మీదే. దిగి చూసి నేనన్న మాట ఏమిటో తెలుసా? "రివర్సు మాత్రం బాగా వచ్చింది." మీ అమ్మ సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర మటుకు, "ఒక్కరోజు, ఒక్కరోజైనా వాటికి చెంబెడు నీళ్ళు పోశారా?" అంది. ఒక్కరోజు కూడా పోయలేదు తల్లీ.

సరే. తవ్విద్దామని పలుగు ఎత్తేసరికి వార్డు ఆఫీసరు స్కూటరు ఆగింది. "ఏం చేస్తున్నారు?" అన్నాడు. "తోట తవ్వుతున్నాను" అన్నాను. "ఏది తోట?" అన్నాడు. మీరు నిలబడ్డదే తోట అన్నాను. ఆయన కిందకి చూశాడు. మడమతో తన్నాడు. మళ్ళీ తన్నాడు. "ఇది రోడ్డు. మా రోడ్లకంటే మంచి రోడ్డు" అన్నాడు. జాగా మాదే, కాగితాలున్నాయి అన్నాను. "కాగితాలు నేలకి సంబంధించినవి. నేను మాట్లాడేది పైనున్న రోడ్డు గురించి. బస్సు తిరుగుతోంది కాబట్టి ప్రజోపయోగం. తవ్వాలంటే అనుమతి కావాలి" అన్నాడు. ఆఫీసుకి వెళ్ళాను. రోడ్డు తవ్వడానికి దరఖాస్తులో మూడే కారణాలున్నాయి: నీటి పైపు, కరెంటు తీగ, మురుగు కాలువ. కింద 'పువ్వు' అని నేను రాసి గడి గీశాను. గుమాస్తా దాన్ని పక్కవాడికి చూపించాడు, వాడు ఇంకొకడికి చూపించాడు, చివరికి టీ తెచ్చేవాడు కూడా చదివి వెళ్ళాడు.

నిన్న ఆఫీసరు మళ్ళీ వచ్చి మన గోడకి రెండు పలకలు కొట్టించాడు. ఒకటి 'బస్సు ఆగు స్థలము'. రెండోది 'వార్డులో ఉత్తమ రహదారి'.

నీ పనితనానికి బహుమతి వచ్చింది తల్లీ. సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తున్నాను.

ఇట్లు
మీ తండ్రి

(ఈ చిన్న కాగితం నువ్వొక్కదానివే చదువు. అమ్మ నవ్విందా? ఎక్కడ నవ్వింది? టీ దగ్గరా? ఆవిడ రాదేమోనని నాకు చాలా భయంగా ఉంది. ఇల్లంతా సర్దేశాను, సర్దడానికి ఇంకేమీ మిగల్లేదు.)


క్యాంపు నుంచి
ఏప్రిల్ 5

నాన్నా,

చిన్న కాగితం అమ్మే ముందు చదివింది. కవరు చింపగానే అదే జారి తన ఒళ్ళో పడింది. కాబట్టి దొంగాట అయిపోయింది. ఇక 'మీ అమ్మగారు' అని రాయక్కర్లేదు.

టీ దగ్గర నవ్వలేదు. పువ్వు అని గడి గీశావు చూడు, అక్కడ నవ్వింది. నవ్వి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. చిన్న కాగితం మడిచి తన సంచీలో పెట్టుకుంది, నాకు ఇవ్వలేదు. "వస్తావా మరి?" అని అడిగితే, "పువ్వు అన్నాను, పలక అనలేదు" అంది.

ఇక రోడ్డు. అనుమతి లేకుండా నువ్వు పలుగు వేయకూడదు. కానీ రోడ్డు దానంతటదే పాడైతే ఎవరూ ఏమీ అనలేరు. రోజూ పాడవుతూనే ఉంటాయి. రోడ్డుని చంపేది బరువు కాదు నాన్నా, నీళ్ళు. తడిసి నానిన రోడ్డు మీద పెద్ద బండి తిరిగితే నెలన్నరలో గుల్ల అయిపోతుంది. మేం ఇక్కడ పొద్దస్తమానం పోరాడేది వాటితోనే. వాలు అంచున చిన్న మట్టి గట్టు కట్టు, నీళ్ళు జారిపోకుండా. పొద్దున ఇరవై బిందెలు, సాయంత్రం ఇరవై. ఏడో నంబరుని ఆపకు. తిరగనీ. ఎంత తిరిగితే అంత మంచిది.

రోడ్డు ఎలా వేయాలో ఎనిమిదేళ్ళు నేర్చుకుని, దాన్ని ఎలా చంపాలో మొదటిసారి మా నాన్నకి చెప్తున్నాను. మా పై ఇంజనీరుకి తెలిస్తే నన్ను రోలరు కింద పడుకోబెడతాడు.

ఇది రాస్తుంటే అమ్మ చదివి, "ఆయనా? రోజుకి నలభై బిందెలా?" అంది.

నీ కూతురు


ఇంటి నుంచి
మే 20

బంగారుతల్లీ, పక్కనున్న మీ అమ్మకి కూడా,

గుంత పడింది! మోకాలి లోతు గుంత! ఒకటి కాదు, మూడు! ఇంత చక్కటి గుంతలు నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు!

ఏప్రిల్ పన్నెండు నుంచి ఒక్క పూట మానలేదు. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. మొదటి వారం వీధివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ, "ఏం వేశారండీ ఇందులో?" అని అడిగింది. "రోడ్డమ్మా" అన్నాను. "ఎన్నాళ్ళకి వస్తుంది?" అంది. "మా అమ్మాయి నెలన్నర అంది" అన్నాను. ఆవిడ తలూపి, మర్నాడు వాళ్ళాయన్ని కూడా తీసుకొచ్చి చూపించింది. చిన్న మామయ్య ఆ దారిన వెళ్తూ ఇదంతా చూసి, రిక్షా దిగకుండానే నవ్వి, నవ్వుతూనే వెళ్ళిపోయాడు. మూడో వారంలో ఆఫీసరు వచ్చాడు. పట్టుబడ్డాను అనుకున్నాను. ఆయన నా చేయి పట్టుకుని ఊపాడు! దుమ్ము లేవకుండా సొంతంగా రోడ్డు తడుపుతున్న పౌరుణ్ణి తన జన్మలో చూడలేదుట. మూడో పలక కొట్టించి వెళ్ళాడు.

బిందె మొయ్యడం ఎంత కష్టమో ఇన్నాళ్ళూ నాకు తెలియదు తల్లీ. నిజంగా తెలియదు. స్టీరింగు తిప్పిన భుజాలు కదా, ఇదెంత అనుకున్నాను. నాలుగో రోజుకి చేయి పైకెత్తి తల దువ్వుకోలేకపోయాను. మీ అమ్మ ముప్పై ఏళ్ళకి పైగా మోసింది. ఒక్కసారైనా చేయి నొప్పి అందా? అనే ఉంటుంది. నేను బండిలో ఉండి ఉంటాను.

ఈ నెల మొదట్లో రోడ్డు మెత్తబడింది. తర్వాత అడుగు వేస్తే పక్కకి జారింది. పదిహేనో తారీకున ఏడో నంబరు తిరగబోయి కూరుకుపోయింది. మీసాల డ్రైవరు దిగి, "గురువుగారూ, మీ రోడ్డు మోసం చేసింది" అన్నాడు. పాపం, నిజం చెప్పలేక వీపు తట్టాను. ప్రయాణికులందరూ దిగి తోశారు. తోసినవాళ్ళలో ఆఫీసరు కూడా ఉన్నాడు. ఆయన బూటు ఒకటి లోపలే ఉండిపోయింది. ఒంటి బూటుతో నిలబడి పుస్తకం తీసి, 'రహదారి కాదు' అని రాసుకున్నాడు. మర్నాడు మూడు పలకలూ పీక్కుపోయాడు. బస్సు మళ్ళీ వీధి చివరికే పోతోంది. నేను గోడ వెనక్కి వెళ్ళి గెంతాను. చెప్తున్నాను కదా, గెంతాను. రెండు మోకాళ్ళూ పట్టేశాయి. ఈ ఇంట్లో ఇప్పుడు నిజంగా మోకాలి నొప్పి ఉన్నది నాకే.

ఇంకా ఉంది. అసలుది ఇదే. నర్సరీ ఆవిడని పిలుచుకొచ్చాను, పార దిగుతుందో లేదో చూడమని. ఆవిడ వంగి కళ్ళజోడు కిందకి లాక్కుని, "ఇవెవరు వేశారు?" అంది. నేనేం వేయలేదన్నాను. బస్సు చక్రాలు తిరిగిన జాడలు రెండు ఉన్నాయి చూడు, నీళ్ళు నిలిచిన చోట. ఆ రెండు జాడల పొడుగునా రెండు వరసలు మొలకలు! గీత గీసినట్టు! ఒక్కోటి నాలుగేసి ఆకులు, మధ్యలో తెల్లటి ఈనె. బిళ్ళగన్నేరు. మీ అమ్మవే. ఆ రోజు చెత్త అనుకుని రాతిపొడిలో కలిపేసిన కాయలు. రోలరు తొక్కింది, బస్సు తొక్కింది, వాటికి పట్టలేదు. నీళ్ళు పోశాక లేచాయి.

పువ్వు లేదు. ఆకులే. మే నెలాఖరుకి పదకొండు రోజులే ఉంది. నర్సరీ ఆవిడని బతిమాలాను, తొందరగా పూసే మందేదైనా ఉందా అని. లేదంది. ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. అయినా మీ అమ్మతో చెప్పు, నేను నీళ్ళు మానను. ఇప్పుడు పొద్దున ముప్పై బిందెలు పోస్తున్నాను. ఆవిడ వచ్చినా రాకపోయినా పోస్తాను.

నాన్న


క్యాంపు, పీపాల పక్కన
మే 27

ఏమండీ,

నీళ్ళు ఆపండి.

ముప్పై బిందెలేమిటి, మీకేమైనా మతి పోయిందా? వేళ్ళు కుళ్ళిపోతాయి. అవి ఎండలో బతికే మొక్కలు. ఇన్నాళ్ళూ పొయ్యండి పొయ్యండి అని నేను మొత్తుకుంటే వినలేదు, ఇప్పుడు ఆపమన్నా వినరు, నాకు తెలుసు. ఈ ఉత్తరం అందేదాకా రోజుకి ముప్పై చొప్పున పోస్తూ ఉంటారు, అప్పటికి ఒక్కటి కూడా మిగలదు. అందుకని ఉత్తరం తెచ్చే ట్యాంకరులోనే నేనూ వస్తున్నాను. ఇది నేనే చేతికిస్తాను, ముందు చదవండి, తర్వాత మాట్లాడండి.

పువ్వు కోసం రావడం లేదు. పువ్వు పూయలేదని మీరే రాశారు. మీ మీద నమ్మకం లేక వస్తున్నాను.

ఆ వరసలు రెండూ తొక్కకండి. నర్సరీ ఆవిడ పీకి సర్దుతానంటే ఒప్పుకోకండి. ఎలా మొలిచాయో అలాగే ఉండాలి.

భుజానికి వేడి నీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకోండి. టీ పెట్టకండి, నేను వచ్చి పెడతాను.


గుమ్మం మెట్టు మీద నుంచి
జూలై 19

నా తల్లీ,

పూసింది! పూసింది! పూసింది! పొద్దున ఆరింటికి, ఎడమ చక్రం జాడలో, వీధి చివర నుంచి తొమ్మిదో మొక్క. అయిదు రేకులు, లేత గులాబీ రంగు, నడిమధ్య ఎర్రటి చుక్క. మీ అమ్మే ముందు చూసింది. చూసి నన్ను లేపలేదు. పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. నేనే లేచి వెతుక్కుంటూ వచ్చేసరికి, "చప్పుడు చేయకండి" అంది, అదేదో పసిపిల్ల నిద్రపోతున్నట్టు. గడువు దాటి యాభై రోజులైంది కదా అన్నాను. "నేనేమైనా తేదీ వేసి సంతకం పెట్టానా?" అంది.

ఇప్పుడు చూడాలి మన వాకిలి. గుల్ల చేసి, కంకర వదులుగా రెండు అంగుళాలు కప్పాం. నర్సరీ ఆవిడ ఓ మూల కలబంద, గోడవారన వెండి రంగు గడ్డి, గుమ్మం పక్కన నాచు పూలు పెట్టింది. మధ్యలో మటుకు మీ అమ్మ రెండు వరసలు, సరిగ్గా బస్సు వెడల్పున. దారిన పోయేవాళ్ళు, "ఇంత తిన్నగా ఎలా నాటారండీ?" అని అడుగుతున్నారు. మీ అమ్మ నా వైపు వేలు చూపించి, "ఈయన రివర్సులో నాటారు" అంటోంది. ఆ మాట రోజుకి పదిసార్లు అంటోంది. పదిసార్లూ నేను వింటున్నాను.

నీళ్ళు? వారానికి ఒక్క చెంబు. అది కూడా మీ అమ్మ కొలిచి ఇస్తే. బిందెలన్నీ ఖాళీగా బోర్లించి ఉన్నాయి, వాటిని చూస్తే నా చేతులు దురద పెడుతున్నాయి. నిన్న దొంగతనంగా చెంబు ఎత్తబోతే కిటికీలోంచి దగ్గింది.

ఇంక ఆలస్యం చేయకు. అందరికీ నువ్వే రాయాలి, నా అక్షరం వాళ్ళకి అర్థం కాదు. చెప్పాల్సినవాళ్ళు వీళ్ళు, ఒక్కరు తప్పినా నిష్ఠూరాలు వస్తాయి:

పెద్దమ్మకి ముందు. "ఆయన పూయించేటట్టయితే నేను నా పేరు మార్చుకుంటాను" అందిట. కొత్త పేరు ఏమిటో కనుక్కో.

పెదనాన్నకి విడిగా రాయి. పెద్దమ్మ ఆయనకి చెప్పదు.

బాబాయికి పెద్ద అక్షరాలతో.

చిన్న మామయ్యకి రెండుసార్లు. రోడ్డుకి నీళ్ళు పోస్తుంటే నవ్వింది అతనే.

మేనత్తకి రాసేటప్పుడు బస్సు సంగతి వదిలెయ్యి. మా అక్కకి ఇప్పటికీ నేను ఒక్క ప్రమాదం చేయని తమ్ముణ్ణి.

మేనత్త కోడలికి మటుకు బస్సు సంగతి రాయి, ఆ పిల్లకి నవ్వు కావాలి.

రోలరు తాత చుట్టం కాడు గానీ చుట్టం కిందే లెక్క. నేను వెళ్ళి చెప్తాను.

నీ దగ్గర ఫోర్‌మన్‌కి చెప్పు. పీపాలకి నీళ్ళు తగ్గించమని కూడా చెప్పు, ఇది అమ్మ మాట.

ఇంకెవరు మిగిలారని అడిగితే, మీ అమ్మ నా భుజం మీద నుంచి చదువుతూ, చేతిలోంచి కలం లాక్కుని, ఇదిగో, తనే రాస్తోంది:

ఏడో నంబరు బస్సుకి.